గవాచి లేని ఇంట్లో కుంపటి

ప్రశ్న: అమ్మా, నమస్తే. మా పుట్టిల్లు బందరు. పెళ్లయినప్పటి నుంచి అనంతపురంలో ఉంటున్నాం. అద్దె ఇల్లు, రెండో అంతస్తు. ఏడేళ్ల బాబు, ఐదు నెలల పాప. పాపను చూసుకోవడానికి మడకశిర దగ్గర పల్లె నుంచి మా అత్తమ్మ, మామయ్య వచ్చారు. ఈసారి చలి మామూలుగా లేదు. మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకునేంత ఎండ, తెల్లారుజామున ఫోన్‌లో చూస్తే 12, 13 డిగ్రీలు. అత్తమ్మ రోజూ రాత్రి మట్టి కుంపట్లో బొగ్గులు రాజేసి మా మంచం పక్కన పెట్టి, తలుపులు, కిటికీలు బిగించేస్తారు. బూడిద పడి దుప్పట్లు పాడవుతున్నాయంటే "ముగ్గుర్ని కుంపటి పక్కనే పెంచితి, ఎవురికేమయ్యె?" అంటారు. పాపకు రెండు స్వెట్టర్లు, టోపీ, పైన బొంత. స్నానం కాగానే సాంబ్రాణి పొగ. నేను ఏదైనా అంటే చిన్నబుచ్చుకుంటారు. మామయ్యకు బీపీ, షుగర్ ఉన్నాయి. అయినా ఐదింటికే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్ పోతారు, స్వెట్టర్ వేసుకోరు. గొడవ తీరుతుందని మా ఆయన రూమ్ హీటర్ కొంటానంటున్నారు. కరెంటు బిల్లు తలుచుకుంటే నాకు టెన్షన్. పైగా ఈమధ్య పొద్దున లేచేసరికి తలనొప్పి, కడుపులో తిప్పడం. పాపతో నిద్ర లేక అనుకుంటా. అత్తమ్మను నొప్పించకుండా ఈ చలికాలం గట్టెక్కేదెలా?
– ఒక కోడలు, అనంతపురం

సమాధానం: తల్లీ, బూడిద గురించీ దుప్పట్ల గురించీ కరెంటు బిల్లు గురించీ వివరంగా రాశావు. తలనొప్పి సంగతి మాత్రం చివర్లో, కారణం కూడా నువ్వే చెప్పేసుకుని దాటేశావు. నాకు అక్కడ గుండె ఆగినంత పనయింది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, పొద్దున లేవగానే తలనొప్పి, వికారం. ఇవి ఒకచోట కనబడితే నిద్ర చాలక అని సరిపెట్టుకోకూడదు. ఈ రాత్రి నుంచే కుంపటి ఆ గదిలోకి రాకూడదు. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇదొక్కటి రేపటికి వాయిదా వెయ్యొద్దు. నువ్వు, పాప, ఆ గదిలో పడుకుంటున్న మిగతావాళ్లు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. రాత్రిపూట గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నామని మొదటి మాటగా చెప్పండి. అది చెప్పకపోతే ఆయన కూడా నిద్రలేమి అనే అనుకోవచ్చు.

బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ఒంటికి అందాల్సిన ఆక్సిజన్ అందదు. ముందు తల బరువు, తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. నిద్రలో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు, మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. ప్రతి చలికాలమూ పేపర్లో చూస్తున్న వార్తే ఇది. కరోనా నాటి ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే దాన్ని వేలికి పెట్టుకుని 98 చూపిస్తోంది కదా అని ధైర్యపడొద్దు. మామూలు ఆక్సీమీటరుకు ఈ గ్యాస్‌కూ ఆక్సిజన్‌కూ తేడా తెలియదు.

అత్తమ్మ ఒక మాట తప్పకుండా అంటారు: "పొగ యాడుంది? బొగ్గులు బాగా రాజుకుని ఎర్రగా అయినాకనే కదా లోపల పెడుతుండా." పొగకూ దీనికీ సంబంధం లేదు. ఎర్రగా, పొగ లేకుండా మండుతున్న బొగ్గులోంచి కూడా ఇది వస్తూనే ఉంటుంది. కిటికీ వేలెడు సందు తీసి పెట్టినా నిద్రపోయే గదికి ఆ భరోసా చాలదు. ఎప్పుడైనా ఇంట్లో ఎవరైనా మత్తుగా, తికమకగా కనిపిస్తే ముందు వాళ్లను బయటి గాలిలోకి తీసుకుపోయి, తర్వాత 108కి ఫోన్ చెయ్యండి. బాత్రూంలో గ్యాస్ గీజర్ గానీ ఉందా? నువ్వు రాయలేదు. ఉంటే అక్కడా ఇదే ప్రమాదం, గాలి ఆడకుండా తలుపు మూసుకుని దానికింద నీళ్లు పోసుకోకూడదు.

ఇక మీ అత్తమ్మ ప్రశ్న. ముగ్గురు పిల్లలు కుంపటి పక్కనే పెరిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె చెప్పేది అబద్ధం కాదు. నువ్వు దాన్ని మూఢనమ్మకం అన్నట్టు మాట్లాడితే గొడవ తప్ప ఏమీ మిగలదు. ఆ పిల్లలు ఎక్కడ పెరిగారో అడుగు. పల్లెలో మట్టి మిద్దె అయి ఉంటుంది. రాతి గోడలు మూరెడు మందం, పైన మట్టి కప్పు, ఆ కప్పులో గవాచి అనే కన్నం. వెలుతురు అందులోంచే వచ్చేది, పొయ్యి పొగ, కుంపటి గాలి అందులోంచే పోయేవి. తలుపు చెక్కల మధ్య సందులు, తలుపు కింద బెత్తెడు ఖాళీ. ఇల్లంతా ఒకే పెద్ద మిద్దె. అక్కడ కూడా కుంపటి పూర్తిగా క్షేమం అని నేననను గానీ, వేడెక్కిన గాలికి పోయే దారి ఉండేది. ఇప్పుడు మీరున్నది స్లాబు ఇల్లు. పదడుగుల గది, రబ్బరు బిగింపుల అల్యూమినియం కిటికీలు. మిద్దెలో ఆమె నేర్చుకున్న పద్ధతికి ఇక్కడ గవాచి లేదు. "అత్తా, మీ మిద్దెకు గవాచి ఉండె, ఈ గదికి లేదు" అని చెప్పు. ఆమె పెంపకాన్ని తప్పుపట్టినట్టూ ఉండదు, విషయమూ అర్థమవుతుంది. అప్పటికీ వినకపోతే పాప డాక్టరు చేత ఆమె ఎదురుగానే చెప్పించు. కోడలి నోట నచ్చని మాట డాక్టరు నోట చెల్లుతుంది, అది మన ఇళ్లలో మామూలే.

కానీ కుంపటి తీసేసి ఊరుకుంటే లాభం లేదు. ఆమె రాత్రిపూట లేచి బొగ్గులు రాజేస్తున్నది మనవరాలికి చలేస్తుందని. ఆ పని తీసేస్తే ఇంకో పని చేతికివ్వాలి. పెద్దవాళ్లకూ బాబుకూ బొంత కుట్టమని అడుగు.

మన ఊళ్ల చలి బందరు చలి కాదు. సముద్రం పక్కన రాత్రికీ పగటికీ పెద్ద తేడా ఉండదు. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, చలికాలంలో చాలా రోజులు మబ్బుండదు. పగలంతా నేల మింగిన వేడి రాత్రి నేరుగా ఆకాశంలోకి పోతుంది. అందుకే మధ్యాహ్నం ఫ్యాన్, తెల్లారుజామున వణుకు. మడకశిర వైపు ఇంకా ఎత్తు ప్రాంతం, అనంతపురంతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఎత్తు. మీ అత్తమ్మకు చలంటే భయం అక్కడ పట్టుకుని ఉంటుంది. ఈ వాతావరణంలో ఒక సుగుణం కూడా ఉంది. పగటి ఎండ వృథాగా పోనివ్వకూడదు. పదకొండింటికి కిటికీలన్నీ బార్లా తెరిచి, పరుపులు, దుప్పట్లు మేడ మీద ఎండకెయ్. నాలుగు, నాలుగున్నరకల్లా దించి మడతపెట్టు, ఐదింటికి కిటికీలు మూసెయ్. సాయంత్రం దాకా మేడ మీదే వదిలేస్తే చల్లబడి, మంచు తేమ పట్టుకుని అసలుకే మోసం. బాల్కనీ తలుపు కింద పాత చీర ఒకటి గట్టిగా చుట్టి అడ్డం పెడితే కాళ్లకు కొట్టే చలిగాలి ఆగుతుంది. కుంపటి లేనప్పుడే సుమా ఈ అడ్డం.

బొంతకు పాత నూలు చీరలే కావాలి. సింథటిక్ చీరలు జారిపోతాయి, చెమట పీల్చవు. ఐదారు పొరలు పరిచి, అంచులు మడిచి, దగ్గర దగ్గర వరసల్లో పొడుగు కుట్లు వేసుకుంటూ పోతారు. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇచ్చేది, అందుకే ఎండలో వేసి దులిపిన బొంత కొత్తదానిలా వెచ్చగా ఉంటుంది, అణిగిపోయి చెమ్మగిల్లినది ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. ఇంకొకటి చాలామందికి తట్టదు. చలి పైనుంచే కాదు, కిందనుంచీ వస్తుంది. మామయ్య నులక మంచం మీదో నవారు మంచం మీదో పడుకుంటుంటే పైన రెండు కప్పినా వీపు చల్లగానే ఉంటుంది. ఒకటి కింద పరిచి ఒకటి పైన కప్పండి. నేల మీద పడుకునేవాళ్లకు చాప కింద గోనెసంచులు పరిచే అలవాటు మన పల్లెల్లో ఊరికే రాలేదు.

మన వైపు కురుబలు గొర్రె ఉన్నితో నేసే కంబళి మీ అత్తింట్లో ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, ఎవరైనా వచ్చేటప్పుడు తెమ్మను. ఒంటికి గుచ్చుకుంటుంది, నిజమే. లోపల మెత్తటి నూలు చీర కప్పుకుని పైన కంబళి వేసుకుంటే ఆ బాధ ఉండదు. కాస్త తేమ తగిలినా ఉన్ని వెచ్చదనం పోదు, ఫ్యాన్సీ దుప్పట్లకు ఆ గుణం లేదు. ఉన్ని బట్టల్లో నాఫ్తలీన్ ఉండలు వేసి దాచి ఉంటే మాత్రం బాగా గాలికి ఆరేసి వాడండి. పాప బట్టల్లో అసలు వెయ్యొద్దు. పుట్టుకతో కొన్ని రకాల లోపమున్న పిల్లలకు ఆ వాసన పీల్చినా రక్తకణాలు దెబ్బతింటాయి. ఎండిన వేపాకు చాలు.

ఇప్పుడు పాప. ఇక్కడ నేను నీ పక్షమే. ఐదు నెలల పిల్లకు నిద్రలో వదులుగా ఉన్న బొంత గానీ కంబళి గానీ కప్పకూడదు. ముఖం మీదికి జారితే తోసేసుకునే శక్తి ఆ చేతులకుండదు. వెల్లకిలా పడుకోబెట్టండి, వీలైతే మీ మంచానికి ఆనించి వేరే పడక. పెద్దవాళ్లు ఎన్ని పొరలు వేసుకున్నారో పాపకు అంతకంటే ఒకటి ఎక్కువ, చాలు. ఒంటికి అతుక్కున్నట్టుండే నూలు చొక్కా, పైన ఒక స్వెట్టరు, కాళ్లకు సాక్సులు. బయటికి తీసుకెళ్తే టోపీ పెట్టండి, ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు తీసెయ్యండి. ఒంట్లో వేడి ఎక్కువైతే పసిపిల్లలకు అది చాలావరకు తల నుంచే పోవాలి. చేతులు చల్లగా ఉన్నాయని అత్తమ్మ కంగారు పడతారు. పసిపిల్లల చేతులు చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యిపెట్టి చూడమను. వెచ్చగా ఉంటే పాప బాగున్నట్టు, చెమట తగిలితే ఒక పొర తీసెయ్యాల్సినట్టు.

సాంబ్రాణి సంగతి. తలకు పోసుకున్నాక జుట్టు ఆరడానికి నువ్వు పట్టించుకుంటానంటే, వరండాలో, పాప దగ్గర లేనప్పుడు పట్టించుకో, అత్తమ్మ కూడా సంతోషిస్తారు. పాపకు మాత్రం వద్దు. ఏ పొగైనా ఆ చిన్న ఊపిరితిత్తులకు చేటే. నాలుగు వెంట్రుకల తల, మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది. జలుబు చేసిందని కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయడం, ముక్కు దగ్గర పెట్టడం కూడా వద్దు, రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ప్రమాదం. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. ఆరు నెలలు నిండేదాకా వాము నీళ్లు, శొంఠి నీళ్లు కూడా అక్కర్లేదు, నీ పాలే చాలు.

ఇన్ని వద్దులు విని అత్తమ్మ మనసు కష్టపెట్టుకుంటారు. ఆమెకు నిజంగా బాగా వచ్చిన పని ఒకటి ఉంది కదా, నూనె పట్టించి నలుగు పెట్టడం. అది ఆమెకే పూర్తిగా వదిలెయ్. పది, పదకొండింటికి ఎండ బాగా వచ్చాక, గాలి కొట్టని చోట కూర్చుని కాళ్ల మీద పడుకోబెట్టుకుని కొబ్బరినూనె పట్టించి, మోచేత్తో వేడి చూసుకుని త్వరత్వరగా నీళ్లు పోస్తే పాప మధ్యాహ్నమంతా హాయిగా పడుకుంటుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు మాత్రం వెయ్యకూడదు. శనగపిండి నలుగు గట్టిగా రుద్దకపోతే మంచిది, అసలే ఈ పొడి గాలికి చర్మం పగిలిపోతుంటుంది.

జలుబు, దగ్గు వచ్చినప్పుడు పాప నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టు. ఈ వయసులో నిమిషానికి 50 లేదా అంతకుమించి ఉన్నా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా ఇంటి వైద్యాలు మాని వెంటనే ఆసుపత్రికి తీసుకుపో.

మీ మామయ్య వాకింగ్ మాన్పించొద్దు, టైము మార్పించు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. బీపీ ఉన్న పెద్దాయన తెల్లారుజామున చలిలో ఖాళీ కడుపుతో పోవడం నాకు బొత్తిగా నచ్చలేదు. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు గానీ ఏడు, ఏడున్నరకు ఎండ వస్తుంది కదా, అప్పుడు పొమ్మను. ఐదింటికే వచ్చే స్నేహితులుంటారు, వాళ్ల కోసమే ఆయన పోతున్నారేమో కనుక్కో. అదే అయితే మీ ఆయన వాళ్లతోనే మాట్లాడి అందరి టైమూ మార్పించడం తేలిక. స్వెట్టర్ వేసుకోని మగవాళ్లు మఫ్లర్ అయితే చుట్టుకుంటారు, చొక్కా లోపల ఉన్ని బనియన్ వేసుకుంటారు, బయటికి కనబడదు కాబట్టి. రాత్రి కాళ్లకు వేడినీళ్ల సంచి పెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు, పొక్కి పుండయ్యాక తెలుస్తుంది. ఆయనకు సాక్సులే మేలు. చలికాలంలో దాహం వెయ్యదు, నీళ్లు తాగరు. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్ల గ్లాసు ఎదురుగా పెట్టు.

తిండి విషయంలో నీకు నేను చెప్పాల్సినదానికంటే మీ అత్తమ్మను అడిగి నేర్చుకోవాల్సిందే ఎక్కువ. ఇది అనపకాయల కాలం, మీ వైపు ఆనపకాయ అనే సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ. మార్కెట్లో బాగా ముదిరిన కాయలు తెచ్చి, గింజలు ఒలిచి రాత్రి నానబెట్టు. పొద్దున అందరూ చుట్టూ కూర్చుని పితకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. మీ ఏడేళ్లవాడు ఫోన్ వదిలేసి వస్తాడు, సగం గది మూలల్లో పడతాయి, పడనీ. కొబ్బరి, గసగసాలు, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క నూరి వేసి పులుసుగా చేసిన పితికిన పప్పు, వేడి వేడి రాగి సంగటి. ఈ చలిలో దీన్ని మించింది నాకు తెలియదు. బందరులో నువ్వు తిని ఉండవు. ఉలవలు ఉడికించిన నీళ్లు పారబొయ్యకుండా చారు పెట్టి, గింజలు గుగ్గిళ్లకు తీస్తే సాయంత్రానికి పిల్లవాడికి తిండి అయిపోతుంది. రాత్రిపూట మిరియాల చారు. వేయించిన శెనక్కాయలూ బెల్లమూ పిల్లవాడికీ, పాలిస్తున్న నీకూ మంచివే. మామయ్యకు బెల్లం వద్దు, శెనక్కాయలు చాలు. బెల్లమైతే షుగర్ పెరగదని ఆయన వాదిస్తారు, పెరుగుతుంది.

హీటరు సంగతి మీ ఆయనకు లెక్క చెప్పు. 1000 వాట్ల హీటరు గంట నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్లదైతే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆగకుండా నడిస్తే 16 యూనిట్లు. నెలంతా అలా నడిస్తే మీ వాడకం పై శ్లాబులోకి పోతుంది, అక్కడ యూనిట్ ధరే ఎక్కువ. కొనొద్దని నేననను. కుంపటితో పోలిస్తే హీటరు వెయ్యి రెట్లు నయం, దాన్నుంచి ఆ విషవాయువు రాదు. కొంటే చిన్నదే కొనండి, పడుకునే ముందు అరగంట వేసి గది వెచ్చబడ్డాక ఆపెయ్యండి. 2000 వాట్లది మామూలు చిన్న ప్లగ్గుకు పెట్టకూడదు, గీజరుకు వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు పనికిరాదు. మంచానికీ కర్టెన్లకూ మూడడుగుల దూరంలో ఉండాలి. పాప బట్టలు త్వరగా ఆరుతాయని దానిమీద ఆరెయ్యడం మాత్రం ఎవరూ చెయ్యకుండా చూసుకో, నాకు ఆ భయం ఎక్కువ. నీళ్ల బకెట్లో వేసే హీటరు రాడ్ కూడా ఇంట్లో ఉంటే, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలని పిల్లవాడితో సహా అందరికీ చెప్పు.

కుంపటిని పగలగొట్టించొద్దు, అటకెక్కించనూ వద్దు. మేడ మీద ఆరుబయట, సాయంత్రం పూట అత్తమ్మా మామయ్యా దాని చుట్టూ కూర్చుని చేతులు కాచుకోవచ్చు, అందులో శెనక్కాయలు కాల్చుకోవచ్చు. కిందికి దిగే ముందు నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పి అక్కడే వదిలి రావాలి. బొగ్గు ఆరినట్టు కనబడినా లోపల నిప్పుంటుంది, అలా సగం ఆరిన కుంపటిని వెచ్చగా ఉందని గదిలోకి తెచ్చుకున్నా అదే గ్యాస్. డాక్టరు ఏం చెప్పారో నాకు రాయి.